చిన్నప్పుడు క్యాసెట్‌లో చూసిన జాకీ చాన్ ‘పోలీస్ స్టోరీ’ ఇప్పుడు కొనుక్కోవాలంటే ఏ డిస్క్? ఏ భాషలో చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చిన్నప్పుడు వీడియో క్యాసెట్‌లో చూసి ఊగిపోయిన ‘పోలీస్ స్టోరీ’ని ఈమధ్య పెద్ద టీవీలో ఇంగ్లీష్ డబ్బింగ్‌తో మళ్ళీ చూశారు. అప్పటి ఊపు రాలేదు. ఫైట్లు ఏదో సీరియల్ షూటింగ్‌లా చప్పగా అనిపించాయి. సినిమా పాతబడిపోయిందా, డబ్బులు పెట్టి డిస్క్ కొంటే తేడా తెలుస్తుందా, పదేళ్ళ అబ్బాయికి చూపించొచ్చా అన్నారు.

సినిమా పాతబడలేదండీ. మీ టీవీ సెట్టింగూ, ఆ డబ్బింగూ కలిసి దాన్ని పాడుచేశాయి. డిస్క్ నిక్షేపంగా కొనండి. హాంకాంగ్ వెర్షన్ (నిడివి సుమారు 100 నిమిషాలు), కాంటనీస్ (హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్) మోనో సౌండ్ (అంటే ఒకే ఛానెల్ సౌండ్), ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్: ఈ మూడూ ఉన్న బ్లూ-రే మీకు కావలసింది. ఆర్డర్ పెట్టే ముందు మాత్రం మీ ప్లేయర్ ఏ రీజియన్‌దో (ఏ ప్రాంతపు డిస్కులు ఆడిస్తుందో) చూసుకోండి, మన దేశంలో అందరూ దెబ్బ తినేది అక్కడే. డిస్క్ సంగతి తర్వాత, ఇవాళే చేయాల్సిన పని ఇంకోటుంది: టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి.

ఎనభైల చివర్లో మా ఇంట్లో వీడియో లైబ్రరీ ఉండేది. ఆ తర్వాత అదే సీడీల షాపయింది. ఇప్పుడు నేను ఇళ్ళలో హోమ్ థియేటర్లు బిగిస్తుంటాను. అంటే ఈ ఒక్క సినిమానే వీహెచ్ఎస్, వీసీడీ, డీవీడీ, బ్లూ-రేల మీద జనం ఎలా చూశారో దగ్గరుండి చూశాను. ఒక్కో ఫార్మాట్ దీన్ని ఒక్కో రకంగా కోసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు టీవీ సంగతి. ఇప్పటి టీవీలు ప్రతి రెండు ఫ్రేముల మధ్యా తమ సొంత ఫ్రేములు తయారుచేసి ఇరికిస్తాయి. క్రికెట్‌కి బాగుంటుంది, బంతి స్పష్టంగా కనిపిస్తుంది. సినిమాకి మాత్రం అదే విషం. సోనీలో దీన్ని మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ లేదా ఆటో మోషన్ ప్లస్. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి, చాలావరకు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. మీరు చెప్పిన ‘సీరియల్ షూటింగ్’ లక్షణం నూటికి తొంభై పాళ్ళు దీనివల్లే. మామూలు కుటుంబ కథా చిత్రానికి దీనివల్ల వచ్చే నష్టం కొంచెమే, ఫైట్ సినిమాకి మాత్రం చాలా ఎక్కువ. ఎందుకంటే ఆ ఫైట్ల ప్రాణమంతా ఫ్రేముల లెక్కలోనే ఉంది.

ఆ లెక్క ఏమిటంటే, సినిమా సెకనుకి 24 ఫ్రేములు ఆడుతుంది. అప్పటి హాంకాంగ్ ఫైట్ మాస్టర్లు కొన్ని షాట్లకు కెమెరాని కావాలనే కాస్త నెమ్మదిగా, అంటే 22 ఫ్రేముల వేగంతో తిప్పేవారు. 22తో తీసింది 24తో ఆడితే మనుషులు సుమారు 9 శాతం చురుగ్గా కదులుతారు. కంటికి అనుమానం రాదు, దెబ్బకి మాత్రం పదును వస్తుంది. అంతకు మించి తగ్గిస్తే మూకీ సినిమాలా నవ్వొస్తుంది. అంత సన్నని గీత మీద కట్టిన లయ అది. దాని మధ్యలో మీ టీవీ తన సొంత ఫ్రేములు దూరిస్తే ఆ పదును కాస్తా నీళ్ళు కారిపోతుంది.

ఈ లెక్కలోనే ఇంకో తమాషా ఉంది. మన దేశంలో పాత టీవీల పద్ధతి పాల్. అది సెకనుకి 25 ఫ్రేములు. పాల్ డీవీడీ చేసేటప్పుడు మామూలుగా 24ని తీసుకెళ్ళి 25లో ఆడించేస్తారు. సినిమా మొత్తం 4 శాతం వేగం పెరిగి, 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. అందుకే పాత డీవీడీ అట్ట మీద 96 అని ఉంటే సీన్లు కోసేశారని కంగారు పడకండి. అయితే 22తో తీసిన షాట్ 25లో ఆడితే దాదాపు 14 శాతం వేగం. ‘అప్పట్లో జాకీ ఇంకా ఫాస్ట్‌గా కొట్టేవాడు’ అని మా షాపుకొచ్చే పాత కస్టమర్లు కొందరు ఇప్పటికీ అంటారు. వాళ్ళ జ్ఞాపకం తప్పేమీ కాదు, వాళ్ళు చూసిన డిస్క్ నిజంగానే ఫాస్ట్‌గా ఆడింది.

ఇక ఫ్రేము వెడల్పు. నన్నడిగితే అసలు నష్టం ఇక్కడే జరిగింది. సినిమా తీసింది స్కోప్‌లో, అంటే ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పున్న బొమ్మ. వీహెచ్ఎస్ రోజుల టీవీలు 4:3, అంటే 1.33. టీవీ నిండా బొమ్మ రావాలని పక్కలు కోసేస్తే బొమ్మలో 40 శాతం పైగా పోతుంది. ఇద్దరు మాట్లాడుకునే సీనైతే ఫర్వాలేదు, ముక్కూ మొహమూ కనిపిస్తే చాలు. జాకీ చాన్ ఫైట్ అలా కాదు. కొట్టేవాడు, తగిలినవాడు, వెనక పగిలే అద్దం, ఈ మూడూ ఒకే షాట్‌లో కనిపించాలన్నది ఆయన పద్ధతి. వెడల్పు కోస్తే కాలు లేవడం కనిపిస్తుంది, ఎవడో ఎగిరిపడిన చప్పుడు వినిపిస్తుంది, పడినవాడు కనిపించడు. మనం చిన్నప్పుడు చూసి ఊగిపోయింది ఆ సగం బొమ్మకే! దాని మీద కాపీకి కాపీ తీసిన క్యాసెట్ కాబట్టి రంగులు కూడా ఎర్రగా కారిపోయి ఉండేవి.

వీసీడీ వచ్చాక గీతల గోల తగ్గింది కానీ, 352×288 చుక్కల బొమ్మలో పగిలే గాజుముక్కలన్నీ చదరపు గళ్ళుగా మారిపోయేవి. ఒక్కో డిస్క్‌లో 74-80 నిమిషాలే పట్టేది కాబట్టి సినిమా రెండు ముక్కలయ్యేది. మంచి ఊపులో ఉండగా లేచి డిస్క్ మార్చాలి. దాని గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

ఇప్పుడు బ్లూ-రేలో క్లైమాక్స్‌లో వచ్చే షాపింగ్ మాల్ ఫైట్ ఒక్కటి పెట్టి చూడండి, నేనన్నది అర్థమవుతుంది. హాంకాంగ్‌లోని సిమ్ షా సుయ్ తూర్పు వైపున్న వింగ్ ఆన్ ప్లాజాలో తీశారు దాన్ని. ఎంత గాజు పగిలిందంటే యూనిట్ వాళ్ళు సినిమాకి ‘గ్లాస్ స్టోరీ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. సినిమాల్లో వాడే ఉత్తుత్తి గాజుని మామూలు కన్నా మందంగా చేయించారు, అది తగిలితే దెబ్బ నిజంగానే గట్టిగా తగిలేది. క్యాసెట్‌లో ఇదంతా తెల్లటి మెరుపులా వచ్చి పోయేది. బ్లూ-రేలో ముక్కలు స్టంట్‌మన్ జుట్టులోంచి రాలడం, పడినవాడు లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనించాలా అని ఒక్క క్షణం వెతుక్కోవడం కనిపిస్తాయి.

చివర్లో ఆ స్తంభం మీంచి జారడం మీకు గుర్తుండే ఉంటుంది. పై అంతస్తు రెయిలింగ్ ఎక్కి, అరిచి, గాల్లోకి దూకి, బల్బుల తీగలు చుట్టిన స్తంభాన్ని పట్టుకుని, ఆ బల్బులన్నీ పేలుతుండగా కిందికంటా జారి, కింద ఒక పైకప్పుని పగలగొట్టుకుని నేల మీద పడతాడు. ఆ దీపాల వేడికి చేతులు కాలాయి, వెన్నుకీ కటి ఎముకకీ దెబ్బలు తగిలాయి. ఒక్క టేక్. మూడు కోణాల్లో పెట్టిన కెమెరాలతో పట్టి, సినిమాలో వెంటవెంటనే మూడుసార్లు చూపిస్తారు. కథ ప్రకారం చూస్తే ఒకే సంఘటనని మూడుసార్లు చూపించడం తప్పే. కానీ అక్కడ ఆయన కథ ఆపేసి, ‘ఇది నిజంగా నేనే చేశాను, బాగా చూసుకోండి’ అని ప్రేక్షకుడికి రుజువు చూపిస్తున్నాడు. పెద్ద స్క్రీన్ మీద స్కోప్‌లో చూస్తే మూడోసారికి పక్కనున్నవాళ్ళు మాట్లాడటం మానేస్తారు. డెమో కోసం నేను పెట్టే సీన్లలో ఇదొకటి, స్పీకర్ల గురించి అడగడానికి వచ్చినవాళ్ళు కూడా స్పీకర్ల సంగతి మర్చిపోతారు.

ఇంత తెగింపు ఎందుకంటే దానికో కోపం ఉంది. అదే 1985లో ఆయన ‘ది ప్రొటెక్టర్’ అనే అమెరికన్ సినిమాలో నటించాడు. దాని దర్శకుడు జేమ్స్ గ్లికెన్‌హాస్. ఫైట్లు తన పద్ధతిలో తీయనివ్వలేదని జాకీకి అసంతృప్తి. అమెరికా వాళ్ళు తీసే పోలీసు సినిమాని నేనైతే ఎలా తీస్తానో చూపిస్తానన్న పంతంతో హాంకాంగ్‌లో తనే దర్శకుడిగా ‘పోలీస్ స్టోరీ’ చేశాడు. డిసెంబరులో విడుదలైంది, మరుసటి ఏడాది హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం అదే. కొండ మీది గుడిసెల మధ్యనుంచి కార్లు నిట్టనిలువుగా దిగే మొదటి ఛేజ్ చూస్తే ఆ పంతం తెలుస్తుంది. ఆ వెంటనే గొడుగు వంకీ తగిలించి డబుల్ డెక్కర్ బస్సుకి వేలాడతాడు. మొదట చెక్క గొడుగుతో ప్రయత్నిస్తే జారిపోతోందని ఇనుప గొడుగు వాడారు. మీ క్యాసెట్‌లో అది గొడుగని తెలిసి ఉంటుందేమో గానీ, దాని కొస ఎక్కడ తగులుకుని ఉందో కనిపించి ఉండదు.

భాష విషయం. చాలామంది ‘ఒరిజినల్ సౌండ్’ అంటే సెట్లో రికార్డు చేసిందనుకుంటారు. ఈ సినిమాకి అలాంటిది లేదు. అప్పటి హాంకాంగ్ సినిమాలు ఎక్కువగా సౌండ్ లేకుండా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పించేవారు, కాంటనీస్‌తో సహా. సెలీనాగా చేసిన బ్రిజిట్ లిన్ తైవాన్ నటి, ఆమెకి కాంటనీస్ గొంతు వేరేవాళ్ళది. మనకిదేమీ కొత్త కాదు, తెలుగులో ఎంతమంది హీరోయిన్లు అరువు గొంతుతో దశాబ్దాలు ఏలలేదు! కాబట్టి పెదాలు అటూ ఇటూ అవడం చూసి డిస్క్ పాడైందని వెనక్కి పంపకండి. అలా ఒకరు పంపారు, మార్చి ఇచ్చిన డిస్క్ కూడా అలాగే ఉందని మళ్ళీ ఫోన్ చేశారు.

మరి అదీ డబ్బింగే, ఇదీ డబ్బింగే అయినప్పుడు ఇంగ్లీష్‌లో చూస్తే ఏం పోతుంది? చాలానే పోతుంది. కాంటనీస్ డబ్బింగు ఈ నటుల వేగానికి, ఈ సినిమా వెటకారానికి తగ్గట్టు చేసింది. ఇంగ్లీష్‌లో మాటలు పెదాలకి సరిపెట్టడానికి సాగదీస్తారు. హీరో పేరు కా-కుయ్ కాస్తా కెవిన్ అయిపోతుంది. ఊరి చివర పోలీసు స్టేషన్‌లో హీరో ఒక్కడే కూర్చుని నాలుగైదు ఫోన్లు ఒకేసారి ఎత్తే సీను ఉంది. చెవికొకటి, భుజానికొకటి, వైర్లు మెడకి చుట్టుకుని ఉంటాయి, మధ్యలో పెన్సిళ్ళతో నూడుల్స్ తింటుంటాడు. ఒక్క దెబ్బ కూడా లేదు కానీ అదీ ఫైట్ సీనే, అంత పక్కా టైమింగ్. కాంటనీస్‌లో ఆ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ పరుగెడతాయి. ఇంగ్లీష్‌లో ఆ సీను మామూలు కామెడీ బిట్.

సౌండ్ మెనూలో 5.1 (చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ పంచిన సౌండ్) అని ఉంటే మీ హోమ్ థియేటర్ చూసి చెయ్యి అటే లాగుతుంది, తెలుసు. అయినా మోనోనే పెట్టండి. ఆ కాలపు హాంకాంగ్ సినిమాలకి తర్వాత చేసిన 5.1 రీమిక్సుల్లో చాలాసార్లు పాత పిడిగుద్దుల చప్పుళ్ళు తీసేసి కొత్త ఎఫెక్టులు అతికిస్తారు. బొమ్మ 1985ది, చప్పుడు ఎప్పటిదో. అతుకు తెలిసిపోతుంది. మోనో అంటే మామూలుగా మధ్య స్పీకర్ ఒక్కటే మోగుతుంది. మిగతావి పాడైపోయాయని మెకానిక్‌ని పిలవక్కర్లేదు. తెలుగు ట్రాక్ కోసం మాత్రం ఆశపడకండి, నా చేతికొచ్చిన ఏ బ్లూ-రేలోనూ అది లేదు.

ఇక కొనే సంగతి. అమెరికాలో క్రైటీరియన్ సంస్థ 2019లో మొదటి రెండు భాగాలూ కలిపి వేసింది. 4కె రిస్టోరేషన్ నుంచి తీసిన బ్లూ-రే అది, కాంటనీస్ మోనో ఉంది. అదనపు వీడియోల్లో పెకింగ్ ఒపెరా (పాటా, ఆటా, విన్యాసాలూ కలిసిన చైనా సంప్రదాయ రంగస్థలం) శిక్షణ మీద 1964 నాటి పాత ఫిల్మ్ ఒకటుంది, తప్పకుండా చూడండి. జాకీ పెరిగింది అలాంటి బడిలోనే. కొట్టి, ఒక్క క్షణం బొమ్మలా ఆగి, మళ్ళీ కొట్టే ఆ లయ అక్కడి స్టేజీ మీంచే వచ్చింది. బ్రిటన్‌లో యురేకా వాళ్ళు మూడు భాగాల సెట్ వేశారు. మూడోది కూడా కావాలంటే అది లాభం.

చిక్కల్లా రీజియన్‌తోనే. బ్లూ-రేలో అమెరికా, హాంకాంగ్ రీజియన్ ఏ. బ్రిటన్, యూరప్ రీజియన్ బి. మనది రీజియన్ సి. ఇక్కడి షాపులో కొన్న మామూలు ప్లేయర్‌లో క్రైటీరియన్ డిస్క్ పెడితే నమస్కారం పెట్టి బయటికి పంపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వస్తూ ప్రేమగా డిస్కులు తెచ్చిపెట్టడం, అవి ఇక్కడ ఆడకపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. పాత డీవీడీ ప్లేయర్లలా రిమోట్‌లో నాలుగు అంకెలు నొక్కితే రీజియన్ ఊడిపోతుందని ఎవరైనా చెప్తే అది డీవీడీ వరకే, బ్లూ-రే దానికి లొంగడం అరుదు. దీనికి దారులు రెండు. మల్టీ రీజియన్ ప్లేయర్ కొనడం ఒకటి. రెండోది, 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్క్ దొరికితే అది తీసుకోవడం, ఎందుకంటే 4కె డిస్కులకి రీజియన్ గొడవ లేదు, ప్లేయర్ 4కెది అయితే చాలు. అయితే ఆ సెట్‌లో పక్కన ఉండే మామూలు బ్లూ-రేకి మాత్రం రీజియన్ ఉండొచ్చు, అదనపు వీడియోలు దాన్లో ఉంటే ఇబ్బంది. బయటి దేశం నుంచి తెప్పిస్తే షిప్పింగు, కస్టమ్స్ కలిపి లెక్కేసుకోండి, ఒక్కోసారి డిస్క్ ధరకి దగ్గరగా వస్తుంది.

డిస్క్ పెట్టాక ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ (సెకనుకి 24 ఫ్రేములు) ఆన్ చేయండి. బొమ్మ మీద సన్నటి చుక్కలు కదులుతుంటే అది ఫిల్మ్ గ్రెయిన్, నాయిస్ రిడక్షన్ పెట్టి తుడవొద్దు. తుడిస్తే గ్రెయిన్‌తో పాటు గాజుముక్కల అంచులు కూడా పోతాయి.

రెండో భాగం విషయంలో ఒక జాగ్రత్త. దానికి పొడుగుదొకటి, కురచదొకటి రెండు వెర్షన్లు తిరుగుతున్నాయి. పొడుగుది 122 నిమిషాలు. అట్ట మీద 100 చిల్లర కనిపిస్తే అది కురచదే. ఓటీటీలో చూసినా ప్లే నొక్కే ముందు నిడివి చూడటం అలవాటు చేసుకోండి.

అబ్బాయి విషయం. రక్తపాతం తక్కువ, చూపించొచ్చు. నాకు ఇబ్బందిగా ఉండేది వేరే విషయం. మొదటి ఛేజ్‌కీ మాల్‌కీ మధ్య సినిమా చాలాచోట్ల చతికిలబడుతుంది. కోర్టులో క్యాసెట్ వినిపించే సీను, పుట్టినరోజు కేకు మొహాన పడే సీను లాంటివి అప్పటి మోటు హాస్యం. ఆడవాళ్ళని తోయడం, భయపెట్టడం కూడా జోకుగా చేశారు. హీరో ప్రేయసి ‘మే’ పాత్ర చేసిన మ్యాగీ చూంగ్ తర్వాత ఎంత గొప్ప నటి అయిందో తెలిసినవాళ్ళకి, ఇందులో ఆమెకి ఇచ్చిన పని చూస్తే ఉసూరుమంటుంది. ఇవి చిన్నప్పుడు మనకి కనిపించలేదు, మీ అబ్బాయికి కనిపించొచ్చు, అడిగితే మాట్లాడండి. పేడలో కాలేసి మూన్‌వాక్ చేస్తూ బూటు తుడుచుకునే చోట మాత్రం పిల్లలు పడీపడీ నవ్వుతారు.

ఇంకొకటి, ఇంట్లో చేసి చూస్తాడేమోనన్న టెన్షన్ మీకుంటే, సినిమా అయిపోగానే టీవీ కట్టేయకండి. జాకీ పాడిన పాట మీద టైటిల్స్ పడుతుండగా షూటింగ్‌లో తప్పిపోయిన షాట్లు వేస్తారు, స్టంట్‌మెన్‌ని పదిమంది కలిసి లేపుకెళ్ళడం కనిపిస్తుంది. మీరు పక్కన కూర్చుని చెప్పే నీతుల కన్నా అది బాగా పనిచేస్తుంది.

మీ ప్లేయర్ మోడల్ నంబరు, టీవీ కంపెనీ కింద రాయండి. రీజియన్ సంగతి, ఆ స్మూతింగ్ మెనూలో ఎక్కడ దాక్కుందో చెప్తాను.